బెంకూలెన్ మీకు... భీమిలి మాకు!

సింగపూర్ దక్షిణపు ఒడ్డున ఫెర్రీ ఎక్కితే గంటలోపే ఇండోనేషియాలోని బాతామ్ దీవిలో దిగొచ్చు. మధ్యలో ఉన్నవి 20 కిలోమీటర్ల నీళ్లు. వారాంతపు సరదాకని మన తెలుగువాళ్లు కూడా ఆ పడవ ఎక్కుతుంటారు. ఇక్కడ పాస్‌పోర్టు తనిఖీ ఒకటి, అక్కడ మరోటి. ఇక్కడ డాలరు, అక్కడ రుపియా. దిగగానే గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి. ఒకదానికొకటి కనిపించేంత దగ్గరున్న ఈ ఒడ్లు రెండు పరాయి దేశాలెలా అయ్యాయి?

రెండు శతాబ్దాల కిందటి దాకా ఇవి పరాయివి కావు. సింగపూర్, బాతామ్, బింతాన్, లింగ దీవులు, వాటికి ఎదురుగా మలయా గడ్డ మీది జోహోర్, పహాంగ్ అన్నీ జోహోర్-రియావ్ సుల్తానుల ఏలుబడిలోనివి. మధ్యనున్న జలసంధి ఆ రాజ్యానికి నడివీధి లాంటిది. ఇళ్లు ఆ వీధికి రెండు పక్కలా ఉండేవి. భాష ఒకటే, మతం ఒకటే, చుట్టరికాలూ అటూ ఇటూ కలిసే ఉండేవి.

1824 మార్చి 17న లండన్‌లో బ్రిటన్, నెదర్లాండ్స్ ప్రతినిధులు నలుగురు ఒక సంధి పత్రం మీద సంతకాలు పెట్టారు. మొత్తం 17 అధికరణలు. ఆ సంతకాలతో నడివీధి కాస్తా పొలిమేర అయింది. ఉత్తరం బ్రిటిష్‌వారిది, దక్షిణం డచ్చివారిది. ఈనాడు మలేషియా, సింగపూర్ ఒకవైపు, ఇండోనేషియా ఇంకోవైపు ఉన్నాయంటే దానికి పునాది ఆ పత్రమే.

ఆ పత్రంలో మన ఊళ్లు కూడా ఉన్నాయి. భీమునిపట్నం, కాకినాడ పక్కనున్న జగన్నాథపురం, పాలకొల్లు, ఇంకా దిగువన ప్రళయకావేరి అని మనం పిలుచుకునే పులికాట్. ఎనిమిదో అధికరణలో భారత భూభాగం మీద తనకున్న స్థావరాలన్నిటినీ నెదర్లాండ్స్ రాజు బ్రిటన్ రాజుకు వదులుకున్నాడు. ఊళ్ల పేర్లు సైతం రాయలేదు. రెండు వందల ఏళ్ల వ్యాపారం, కోటలు, గోదాములు, సమాధులు ఒకే వాక్యంలో చేతులు మారాయి. దానికి బదులుగా సుమత్రా దీవిలోని బెంకూలెన్‌ను డచ్చివారు పుచ్చుకున్నారు.

ఈ సంధి గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఉండేది మహా అయితే ఒక పంక్తి. తెలుగు తీరం కథ, ఆగ్నేయాసియా కథ ఒకే కాగితం మీద ముడిపడ్డ ఘట్టం ఇది. అంతకన్నా ఎక్కువ చోటు దానికి దక్కాలి.

బట్టలిచ్చి మిరియాలు

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. ఆ కంపెనీకి కావలసినవి జాజికాయ, జాపత్రి, లవంగాలు, మిరియాలు. అవి దొరికే దీవుల్లో వెండి ఇస్తామంటే ఉత్సాహం తక్కువ. అక్కడివాళ్లు అడిగింది బట్టలు. అవి ఎక్కడి బట్టలు? మచిలీపట్నం, నిజాంపట్నం, పాలకొల్లు, పులికాట్ చుట్టుపక్కల మగ్గాల మీద నేసినవి, నీలిమందులో, చిరివేరు ఎరుపులో ముంచి అద్దినవి. 1612 నాటికే హెండ్రిక్ బ్రౌవర్ అనే కంపెనీ అధికారి కోరమాండల్ తీరాన్ని మొలక్కా దీవులకు, అంటే మసాలా దీవులకు, ఎడమ చేయిగా వర్ణించాడు. ఇక్కడి బట్ట లేకపోతే అక్కడి వ్యాపారం లేదని అతని భావం.

అందుకే మసాలా దీవుల కోసం వచ్చినవాళ్లు ముందు మన తీరంలో మకాం వేశారు. 17వ శతాబ్దం మొదటి సంవత్సరాల్లోనే నిజాంపట్నంలో, మచిలీపట్నంలో దిగారు. 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టారు. ఆ తర్వాత పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం. లోనాడులో ఖమ్మం ప్రాంతపు నాగులవంచలో కూడా వాళ్ల వర్తక స్థావరం నడిచింది. గోల్కొండ రాజ్యంలో నేసిన బట్టను నేత ఊళ్ల దగ్గరే పట్టుకోవాలని ఆ ఏర్పాటు. పద్ధతి ఏమిటంటే పెద్ద వర్తకుడికి ముందుగా సొమ్ము ఇస్తారు, ఆ వర్తకుడు నేతగాళ్లకు బయానాలు పంచుతాడు, ఓడల కాలానికి బట్ట కట్టలు రేవుకి చేరాలి. బట్ట నాసిగా ఉందంటే ధర కోత. ఆ కోత చివరికి ఎవరి కడుపు మీద పడుతుందో చెప్పనక్కర్లేదు.

ఇంకో సరుకు కూడా ఉండేది. దాన్ని దాచి ఈ వ్యాపార కథ చెప్పడం అన్యాయం. కరువు సంవత్సరాల్లో తిండి లేక అమ్ముడుపోయిన మనుషుల్ని డచ్చి ఓడలు ఈ తీరం నుంచి బానిసలుగా ఎక్కించుకుని బటావియాకు, ఇతర దీవులకు తీసుకుపోయాయి. బటావియా అంటే ఇప్పటి జకార్తా. తూర్పు దీవుల్లో జాజికాయ తోటలు, బటావియాలో కాలువలు, కోట గోడలు అలాంటి చేతుల మీదుగా లేచినవే.

ఆ కాలపు ఆనవాళ్లు ఇవాళ్టికీ ఉన్నాయి. మచిలీపట్నంలో వలందపాలెం, నర్సాపురంలో గోదావరి ఒడ్డున వలంధర రేవు ఆ ఒలందావాళ్ల, అంటే డచ్చివాళ్ల, పేరు మోస్తున్నవే. మచిలీపట్నం డచ్చి సమాధుల మీద చెక్కిన వంశ చిహ్నాలు చూడదగ్గవి. భీమిలిలో సముద్రానికి దగ్గర్లోనే వాళ్ల శ్మశానం ఉంది. పులికాట్ శ్మశానం ముఖద్వారానికి అటూ ఇటూ అస్థిపంజరాల బొమ్మలు చెక్కి ఉంటాయి. పాతికేళ్లు, ముప్ఫయ్యేళ్లు నిండకుండా పోయినవాళ్లు ఎందరో ఆ రాళ్ల కింద ఉన్నారు.

అయితే 18వ శతాబ్దం చివరికి ఈ వైభవం కరిగిపోయింది. 1780-84 యుద్ధంలో ఇంగ్లీషువాళ్లు డచ్చి స్థావరాలను పట్టుకున్నారు. సంధి కుదిరాక చాలావరకు తిరిగిచ్చినా నాగపట్నాన్ని మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నారు. 1799 చివరి రోజుతో డచ్చి కంపెనీ అప్పుల్లో మునిగి మూతపడింది.

గొడవ ఎక్కడ రాజుకుంది?

1795 జనవరిలో ఫ్రెంచి సేనలు నెదర్లాండ్స్‌లోకి చొరబడ్డాయి. అక్కడి పాలకుడు ఐదో విలియం ఇంగ్లండుకి పారిపోయి, లండన్ దగ్గరి క్యూ అనే చోట నుంచి తన వలసల అధికారులకు ఉత్తరాలు రాశాడు. ఫ్రెంచివాళ్ల చేతిలో పడకుండా మీ కోటలను ఇంగ్లీషువారికి అప్పగించండని వాటి సారాంశం. ఆ మాట ఆసరాగా ఇంగ్లీషువాళ్లు మలక్కాను ఆక్రమించారు. 1811లో జావాను కూడా పట్టుకున్నారు. ఆ దండయాత్రలో మద్రాసు, బెంగాల్ సిపాయిలు ఉన్నారు. జావాకు లెఫ్టినెంట్ గవర్నరుగా వచ్చినవాడు స్టాంఫర్డ్ రాఫిల్స్.

నెపోలియన్ ఓడి గద్దె దిగాక, 1814 ఆగస్టు 13న లండన్‌లో ఒక ఒప్పందం కుదిరింది. జావా, మలక్కా, మన తీరపు స్థావరాలు మళ్లీ డచ్చివారికి ఇచ్చేయాలని నిర్ణయించారు. కొచ్చిని బ్రిటన్ దగ్గరే ఉంటుంది, దానికి బదులు బంకా దీవి డచ్చివారికి పోతుంది. బ్రిటన్ ఇంత ఉదారంగా ఉండటానికి కారణం యూరప్‌లో ఉంది. ఫ్రాన్సుకు ఉత్తరాన గట్టి నెదర్లాండ్స్ ఉంటే తమకు రక్షణ. ఆ గట్టిదనానికి జావా ఆదాయం కావాలి. లండన్ మంత్రులు జావా గురించి ఆలోచించినప్పుడల్లా వాళ్ల కళ్ల ముందు ఉన్నది పారిస్.

ఈ ఉదారత రాఫిల్స్‌కు నచ్చలేదు. 1818లో అతను సుమత్రా పడమటి తీరంలోని బెంకూలెన్‌కు అధికారిగా వచ్చాడు. 1685 నుంచి ఇంగ్లీషువాళ్లు మిరియాల కోసం పట్టుకు వేలాడుతున్న చోటు అది. ఆదాయం తక్కువ, ఖర్చు ఎక్కువ, జ్వరాలు మరీ ఎక్కువ. చైనాకు పోయే ఓడలన్నీ నడిచే దారి మలక్కా జలసంధి. దానికి ఇటు కొస పెనాంగ్ ఇంగ్లీషువారిదే. అటు కొసలో తమకో రేవు లేకపోతే డచ్చివాళ్లు గొంతు నులుముతారని అతని వాదన.

1819 జనవరి చివరలో రాఫిల్స్ సింగపూర్‌లో దిగాడు. అప్పుడక్కడ ఉన్నది సుమారు వెయ్యి మంది జనం. తెమెంగ్గోంగ్ అబ్దుల్ రహమాన్ అనే సామంతుడి ఊరు. దీవి మీద హక్కు సుల్తానుది. సుల్తాను ఎవరన్నదే చిక్కు. మూడో మహమూద్ షా చనిపోయినప్పుడు పెద్ద కొడుకు హుస్సేన్ పహాంగ్‌లో పెళ్లి పనుల్లో ఉన్నాడు. దర్బారులో బలంగా ఉన్న బుగిస్ వర్గం చిన్నకొడుకును గద్దెకు ఎంచుకుంది. అతని పేరూ అబ్దుల్ రహమానే. డచ్చివాళ్లు ఆయనకే వత్తాసు. రాఫిల్స్ ఆ సందులోంచి దూరాడు. పెద్ద కొడుకును రప్పించి, నువ్వే సుల్తానువి అని ప్రకటించి, ఫిబ్రవరి 6న అతనితో ఒప్పందం రాయించుకున్నాడు. సుల్తానుకు ఏటా 5,000 స్పానిష్ డాలర్లు, తెమెంగ్గోంగ్‌కు 3,000. ఇంగ్లీషు కంపెనీకి అక్కడ స్థావరం పెట్టుకునే హక్కు.

డచ్చి ప్రభుత్వం మండిపడింది. సింగపూర్ మా సుల్తాను రాజ్యంలోది, మీ ఒప్పందం చెల్లదంది. లండన్‌లో మంత్రులకూ ఇది తలనొప్పే, ఎందుకంటే రాఫిల్స్ చేసిన పని వాళ్లను అడిగి చేసింది కాదు. చర్చలు 1820లో మొదలై ఆగిపోయాయి. ఈలోగా సుంకాలు లేని రేవు కావడంతో సింగపూర్ పెరిగిపోయింది. 1824 జనవరి జనాభా లెక్కలో 10,683 మంది తేలారు. ఐదేళ్లలో పది రెట్లు. అలాంటి రేవును ఎవరు వదులుకుంటారు?

లండన్ బల్ల మీద

1823 డిసెంబరులో చర్చలు మళ్లీ మొదలయ్యాయి. బ్రిటన్ తరఫున విదేశాంగ మంత్రి జార్జ్ కానింగ్, భారత వ్యవహారాలు చూసే బోర్డ్ ఆఫ్ కంట్రోల్ అధ్యక్షుడు చార్లెస్ విన్. నెదర్లాండ్స్ తరఫున రాయబారి హెండ్రిక్ ఫాగెల్, మంత్రి ఆంటన్ రీన్‌హార్డ్ ఫాల్క్. ఆ బల్ల దగ్గర సుల్తాను మనిషి లేడు. భీమిలి వర్తకుడూ లేడు, బెంకూలెన్ మిరియాల రైతూ లేడు.

ఈ దీవులను దూరాన కూర్చుని పంచుకోవడం అదే మొదలు కాదు. 1494లో తోర్దెసిల్లాస్‌లో స్పెయిన్, పోర్చుగల్ ప్రపంచాన్ని అట్లాంటిక్ నడుమ నిలువుగా రెండు చేసుకున్నాయి. అయితే భూమి గుండ్రం. అటువైపు మసాలా దీవులు ఎవరి సగంలోకి వస్తాయన్న తగువు మళ్లీ వచ్చింది. 1529లో జరగోసాలో 3,50,000 డకాట్లు పుచ్చుకుని స్పెయిన్ వాటి మీద హక్కు వదులుకుంది. 1667లో బ్రెడా సంధిలో డచ్చివారికి మూడు కిలోమీటర్ల పొడవైన రన్ దీవి ఖాయమైంది, ఇంగ్లీషువారికి మన్‌హట్టన్ ఖాయమైంది. ఎక్కడివాళ్లు ఎక్కడ కూర్చుని ఎవరి ఊళ్లు పంచుకున్నారో చూడండి.

1824 సంధిలో లెక్క ఇలా తేలింది. భారత భూభాగం మీది డచ్చి స్థావరాలు, మలక్కా బ్రిటన్‌కు. బెంకూలెన్‌లోని మార్ల్‌బరో కోట, సుమత్రాలో బ్రిటన్‌కు ఉన్నదంతా డచ్చివారికి. సింగపూర్ మీద నెదర్లాండ్స్ తన అభ్యంతరాలు మానుకుంటుంది. కరిమున్, బాతామ్, బింతాన్, లింగ దీవుల్లో, సింగపూర్ జలసంధికి దక్షిణాన ఉన్న మరే దీవిలోనూ బ్రిటన్ స్థావరం పెట్టకూడదు, అక్కడి రాజులతో ఒప్పందాలూ చేసుకోకూడదు. జావా ఆక్రమణ కాలపు పాత బాకీల పద్దు మూసేయడానికి నెదర్లాండ్స్ లక్ష పౌన్లు చెల్లించాలి. అప్పగింతలకు గడువు 1825 మార్చి 1.

ఈ సంధిలో సరిహద్దు గీత లేదు. పటం లేదు, అక్షాంశం లేదు, కొలత రాయి లేదు. జలసంధికి దక్షిణాన ఉన్న దీవులు అన్న ఒక్క మాట ఉంది. ఆ మాట అలల మధ్య ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాయలేదు. ఇంత పలుచటి మాట మీద మూడు దేశాల సరిహద్దులు నిలబడ్డాయి. ఆ మాట వదిలేసిన ఖాళీలు పూడ్చుకోవడానికి తర్వాతి తరాలు న్యాయస్థానాల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

ఇందులో జనం ప్రస్తావన ఒక్కచోట ఉంది. చేతులు మారిన ఊళ్లలో ఉండేవాళ్లు ఆరేళ్లలోపు తమ ఆస్తులు అమ్ముకుని నచ్చిన చోటికి వెళ్లిపోవచ్చునట. కోటల్లో కాపురముంటున్న తెల్ల కుటుంబాలకు అది పనికొచ్చే సౌకర్యం. పాలకొల్లు నేతగాడు తన మగ్గాన్నీ, ఊరినీ, బాకీనీ మోసుకుని ఎక్కడికి పోతాడు? అతని బట్టకు అప్పటికే గిరాకీ పోయింది. ఇంగ్లండు మిల్లు గుడ్డ వచ్చి పడుతోంది. డచ్చి గిరాకీ తిరిగొస్తుందేమోనన్న చివరి ఆశ కూడా ఆ సంధితో పోయింది.

ఒకరి కిరీటం, ఇంకొకరి సంకెళ్లు

బింతాన్ పక్కన పెన్యెంగాత్ అనే చిన్న దీవి ఉంది. దాన్ని సుల్తాన్ మహమూద్ తన బేగం ఎంగ్కు పుత్రి హమీదాకు మెహర్‌గా ఇచ్చాడు. రాజలాంఛనాలు ఆమె దగ్గర ఉండేవి. అవి లేకుండా పట్టాభిషేకం చేస్తే మలయా ప్రజలు ఆ సుల్తానును సుల్తానుగా ఒప్పుకోరు. చిన్నకొడుకుకు ఇవ్వమని అడిగినా ఆమె ఇవ్వలేదు. ఇంగ్లీషువాళ్లకూ దక్కనివ్వలేదు. చివరికి 1822లో డచ్చి అధికారులు బలవంతంగా వాటిని లాక్కున్నారు. మరుసటి ఏడాది అబ్దుల్ రహమాన్‌కు పట్టం కట్టారు. లండన్‌లో కాగితం మీద సిరా పడకముందే ఇక్కడ రాజ్యం రెండుగా చీలింది. ఈ కథలో రెండు సామ్రాజ్యాలకూ ఎదురు నిలిచి కాదు అన్నది ఆమె ఒక్కరే. నా దృష్టిలో కానింగ్ కన్నా, రాఫిల్స్ కన్నా మనం గుర్తుపెట్టుకోవలసిన పేరు హమీదా.

సంధి తర్వాత సుల్తాన్ హుస్సేన్ పని పట్టారు. 1824 ఆగస్టు 2న సింగపూర్‌లోని ఇంగ్లీషు అధికారి జాన్ క్రాఫర్డ్ అతనితో కొత్త ఒప్పందం రాయించాడు. స్థావరం పెట్టుకునే హక్కుతో మొదలైనది కాస్తా సింగపూర్ దీవి మొత్తం శాశ్వతంగా ఇచ్చివేయడంతో ముగిసింది. సుల్తానుకు 33,200 స్పానిష్ డాలర్లు, నెలకు 1,300 భత్యం. తెమెంగ్గోంగ్‌కు 26,800, నెలకు 700. 1825లో దక్షిణాన ఉన్న తమ్ముడు అన్నకు ఉత్తరం రాశాడు. గడ్డ మీది భూములు నీవి, సముద్రంలోని దీవులు నావి అన్నది అందులోని మాట. లండన్‌లో పరాయివాళ్లు చేసిన పంపకాన్ని అన్నదమ్ములు తమ పంపకంగా రాసుకోవలసి వచ్చింది.

బెంకూలెన్‌లో వందలమంది భారతీయ ఖైదీలు ఉండేవారు. ద్వీపాంతర శిక్ష పడి, రోడ్లు వేస్తూ, తోటల్లో పనిచేస్తూ బతుకుతున్నవాళ్లు. కోట చేతులు మారడంతో వాళ్లనూ తరలించారు. 1825 ఏప్రిల్ 18న 80 మంది మద్రాసు ఖైదీలు సింగపూర్‌లో దిగారు. వారం తర్వాత బెంగాల్ ఖైదీలు 122 మంది. మద్రాసు ప్రెసిడెన్సీ అంటే అప్పట్లో గంజాం నుంచి తిరునల్వేలి దాకా, అంటే కోస్తాంధ్ర అంతా అందులోదే. ఆ తర్వాత దశాబ్దాల పాటు సింగపూర్ రోడ్లు, వంతెనలు, ఇప్పటికీ తెల్లగా మెరిసే సెయింట్ ఆండ్రూస్ కెథెడ్రల్ భారతీయ ఖైదీల చేతులు కట్టినవే. ఆ నగరానికి మన పర్యాటకులు వెళ్లినప్పుడు చూసి రావలసిన కట్టడం అది.

మలక్కాకు ఉత్తరాన నానింగ్ అనే చిన్న సీమ ఉండేది. మలక్కాతో పాటు నానింగ్ మీద డచ్చివారి హక్కులూ తమకే వచ్చాయని ఇంగ్లీషువాళ్లు పంటలో పదో వంతు అడిగారు. అక్కడి పెద్ద దోల్ సయీద్ ఇవ్వనన్నాడు. 1831-32లో యుద్ధమే జరిగింది. మద్రాసు సిపాయిలను ఓడల్లో దింపి అడవిలో దారులు కొట్టించారు. కొద్దిపాటి పన్ను కోసం లక్ష పౌన్లు ఖర్చయింది. సంధిలో ఒక మాట, అడవిలో ఎన్ని ప్రాణాలు!

సంధికి పుట్టిన సంధులు

1824లో సుమత్రా ఉత్తర కొసనున్న అచే రాజ్యం స్వతంత్రంగానే ఉండాలని రెండు ప్రభుత్వాలూ లేఖలు ఇచ్చిపుచ్చుకున్నాయి. 1871లో ఆ మాట మారింది. అచే విషయంలో అభ్యంతరం మానుకుంటానని బ్రిటన్ ఒప్పుకుంది. అదే బేరసారాల వరసలో ఆఫ్రికాలోని ఎల్మీనా కోట, గోల్డ్ కోస్ట్ స్థావరాలు డచ్చివారి నుంచి బ్రిటన్‌కు పోయాయి. దక్షిణ అమెరికాలోని సురినామ్ చెరకు తోటలకు భారతీయ కూలీలను తీసుకుపోయే అనుమతి డచ్చివారికి దక్కింది. ఒకే బేరంలో ఆఫ్రికా కోట, సుమత్రా రాజ్యం, బిహార్ రైతు!

ఫలితాలు వెంటనే కనిపించాయి. 1873 ఏప్రిల్‌లో అచే మీద దండెత్తిన డచ్చి జనరల్ కోలర్ అక్కడి పెద్ద మసీదు దగ్గరే తూటా తగిలి చనిపోయాడు. యుద్ధం 30 ఏళ్లకు పైగా సాగింది. అదే 1873 జూన్‌లో లల్లా రూఖ్ అనే ఓడ మొదటి భారతీయ కూలీలను సురినామ్‌లో దించింది. 1916 దాకా సుమారు 34,000 మంది అలా వెళ్లారు.

బోర్నియో దీవి సంగతి 1824 సంధిలో తేలలేదు. 1891 జూన్ 20న లండన్‌లోనే మరో ఒప్పందం రాసుకుని తూర్పు తీరంలో ఉత్తర అక్షాంశం 4 డిగ్రీల 10 నిమిషాల దగ్గర గీత మొదలుపెట్టారు. ఆ గీత సెబాతిక్ అనే దీవిని సరిగ్గా అడ్డంగా కోసింది. ఉత్తర సగం ఇప్పుడు మలేషియా, దక్షిణ సగం ఇండోనేషియా. అక్కడి అజీ కూనింగ్ గ్రామంలో ఒక ఇల్లు ఉంది. ముందు గది ఇండోనేషియాలో, వంటగది మలేషియాలో. ఆ ఇంటివాళ్లకు అన్నం వండటమంటే పక్క దేశానికి పోయి రావడమే.

ఆ గీత సముద్రంలోకీ సాగుతుందా అన్నది మరో తగాదా. సెబాతిక్‌కు తూర్పున సిపదాన్, లిగితాన్ దీవులు మావంటే మావని మలేషియా, ఇండోనేషియా పట్టుబట్టి హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లాయి. 2002 డిసెంబరు 17న తీర్పు వచ్చింది. 1891 గీత సెబాతిక్ తూర్పు ఒడ్డుతోనే ఆగిపోతుందని, అక్కడ తాబేలు గుడ్ల సేకరణను క్రమబద్ధం చేసింది, దీపస్తంభాలు నడిపింది బ్రిటిష్‌వారు, వారి తర్వాత మలేషియా కాబట్టి దీవులు మలేషియావేనని న్యాయస్థానం తేల్చింది.

1824 సంధిని తిరగేసింది ఇంకో కేసు. సింగపూర్ జలసంధికి తూర్పు మొగలో పెడ్రా బ్రాంకా అనే రాతి దిబ్బ ఉంది. పొడవు 137 మీటర్లు, సగటు వెడల్పు 60. దాని మీద 1851 నుంచి హార్స్‌బర్గ్ దీపస్తంభం వెలుగుతోంది. అది సింగపూర్‌దా, మలేషియాదా? న్యాయమూర్తులు జోహోర్ సుల్తానుల కాలానికి వెళ్లారు, క్రాఫర్డ్ ఒప్పందం చదివారు, లండన్ సంధిలో జలసంధికి దక్షిణం అన్న మాటను పట్టి పట్టి చూశారు, తమ్ముడు అన్నకు రాసిన ఉత్తరాన్నీ చర్చించారు. మొదట ఆ దిబ్బ జోహోర్‌దేనని ఒప్పుకున్నారు. కానీ దాని యాజమాన్యం తమదని చెప్పుకోవడం లేదని 1953లో జోహోర్ అధికారి ఒకరు రాసిన ఉత్తరం, ఆ తర్వాత ఇరుపక్షాల నడవడి చూసి 2008 మే 23న పెడ్రా బ్రాంకాను సింగపూర్‌కు, దాని పక్కనున్న మిడిల్ రాక్స్‌ను మలేషియాకు ఇచ్చారు. సింగపూర్, ఇండోనేషియా మధ్య నీటి సరిహద్దు గీత అంచెలంచెలుగా 1973లో, 2009లో, 2014లో రాసుకున్న ఒప్పందాలతో చాలావరకు తేలింది. 1824లో నలుగురు గీయకుండా వదిలేసిన గీతకు అంతకాలం పట్టింది.

ఎడబాసినా పోని భాష

రియావ్-లింగ సుల్తానును 1911లో డచ్చివాళ్లు గద్దె దించారు. ఆయన సింగపూర్ పారిపోయాడు. రాజ్యం పేరు పటం మీంచి పోయింది. అయితే పెన్యెంగాత్ దీవిలో 19వ శతాబ్దంలో రాజా అలీ హాజీ అనే పండితుడు మలయ్ భాషకు వ్యాకరణం రాశాడు, నిఘంటువు మొదలుపెట్టాడు, తుహ్ఫత్ అల్-నఫీస్ అనే పేరుతో తన జాతి చరిత్ర రాశాడు. ఆ జోహోర్-రియావ్ మలయ్ భాషే ఈనాడు ఒడ్డుకు ఇవతల మలేషియా జాతీయ భాషకు, అవతల ఇండోనేషియా జాతీయ భాషకు మూలం. 2004లో ఇండోనేషియా ఆయనను జాతీయ వీరుడిగా ప్రకటించింది. సామ్రాజ్యాలు పంచుకోలేకపోయింది ఆ భాష ఒక్కటే.

మన వైపు ఏం మిగిలింది? 1825లో డచ్చి జెండా దిగాక భీమిలి, జగన్నాథపురం మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో కలిసిపోయాయి. జలసంధికి ఉత్తరాన ఉన్న మలయా బ్రిటిష్‌వారిది కావడంతోనే 19వ శతాబ్దం చివరి నుంచి మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కూలీలు అక్కడి కొబ్బరి, రబ్బరు తోటలకు చేరారు. పెరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతోలో వాళ్ల మనవలు ఇప్పటికీ తెలుగు మాట్లాడుతున్నారు. వాళ్లు మలేషియా తెలుగువాళ్లు అయ్యారే గానీ ఇండోనేషియా తెలుగువాళ్లు కాలేదంటే, దాని వెనకా ఆ 1824 పత్రం ఉంది.

ఈ తీరంలో డచ్చివాళ్లు రెండు వందల ఏళ్లు రాసిన కాగితాలు పోలేదు. డచ్చి కంపెనీ దస్తావేజులు హేగ్‌లో, జకార్తాలో, కొలంబోలో, కేప్ టౌన్‌లో, మన చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. ఏ ఊరి నేతగాడికి ఎంత బయానా ఇచ్చారు, ఏ కరువులో ఎందరిని ఓడ ఎక్కించారు, గోల్కొండ అధికారులతో ఏ తగువులు పడ్డారు అన్నవి ఆ పాత డచ్చి చేతిరాతలో ఉన్నాయి. లైడెన్ విశ్వవిద్యాలయం ఆసియా విద్యార్థులకు ఆ రాత చదవడం నేర్పే కార్యక్రమాలు నడిపింది. మన ఆంధ్ర, తెలంగాణ విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు ఏటా ఇద్దరు ముగ్గురు తెలుగు పిల్లలకైనా పాత డచ్చి నేర్పించి ఆ కాగితాల దగ్గరికి పంపాలి. భీమిలి, పాలకొల్లు, మచిలీపట్నం, నాగులవంచ చరిత్ర మనవాళ్లే చదివి మన భాషలో రాయాలి. ఆ పని ఇక ఒక తరం ఆలస్యం కాకూడదు.